బల్‌మెర్రీ బాణీ

ఎఫీ పియానో ఎక్కి కూర్చుని రెండు గంటలైంది. పియానో ముందు కాదు, పియానో మీదే.

కాళ్ళు వేలాడేసుకుని, చేతులు కట్టుకుని, మొగుడు కట్టిన కొత్త బాణీ కాగితాన్ని జాకెట్టులో దోపుకుని కూర్చుంది. పదకొండున్నరకి టపా బండి వెళ్ళిపోతుంది. ఆ బండిలో కాగితం వెళ్ళకపోతే సోమవారం ఎడిన్‌బరోలో కొత్త కీర్తనల పుస్తకం అచ్చుకెక్కేటప్పుడు అందులో నినియన్ విషార్ట్ అనే పేరుండదు. ఆ సంగతి నినియన్‌కి తెలుసు, ఎఫీకి తెలుసు, గోడకి ఇవతలున్న మాకూ తెలుసు.

వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. సముద్రపు ఉప్పుగాలికి ఆ గోడ ఎంత పలచబడిందంటే, వాళ్ళింట్లో ఎవరైనా ఆవలిస్తే మా ఇంట్లో నిద్ర ముంచుకొచ్చేది. స్కర్‌నెస్ రేవులో అన్ని గోడలూ అంతే. అందుకే మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

"దిగు ఎఫీ," అన్నాడు నినియన్.

"దిగను."

"అది జర్మనీలోని లైప్‌జిగ్‌ నుంచి తెప్పించిన పియానో. నీ బరువుకి శ్రుతి పోతుంది."

"పోనివ్వండి విషార్ట్ గారూ. శ్రుతిలో ఉన్నన్నాళ్ళూ నాకేం ఒరగబెట్టింది కనక?"

మామూలు కోపమైతే ఎఫీ మొగుణ్ణి పేరు పెట్టి తిట్టేది. కోపం ముదిరితే 'విషార్ట్ గారూ' అనేది. అంతకన్నా ముదిరితే నోరే విప్పేది కాదు. గురువారం సాయంత్రం నుంచి ఈ శనివారం పొద్దుటిదాకా ఆ ఇంట్లో ఒక్క మాట వినపడలేదు. ఆ నిశ్శబ్దం ఎలాంటిదంటే, మా పిల్లి భయపడి రెండు రోజులు పాలు ముట్టలేదు. కాబట్టి ఈ 'గారూ' వినగానే మాకు కొంచెం ఊపిరొచ్చింది.

వంటింట్లోంచి టీనీ వచ్చింది. నినియన్‌కి అక్క, ఆ ఇంట్లో పెత్తనం ఆమెదే. చేతిలో జావ కలిపే కర్ర అలాగే ఉంది.

"మా అమ్మ ఆ పియానో మీద పూలకుండీ కూడా పెట్టనిచ్చేది కాదు," అంది.

"నేను పూలకుండీని కాదు కదా వదినా. అందుకే కూర్చున్నా."

"చూశావురా నినియన్? హెర్రింగ్ చేపల పీపాల దగ్గర పెరిగినదాన్ని తెచ్చుకుంటే, పియానో కూడా పీపాలాగే కనిపిస్తుంది మరి."

"అవును వదినా, పీపాల దగ్గరే పెరిగాను. పీపాలో ఏముందో మూత తియ్యకుండా వాసన చూసి చెప్పేస్తాను. ఈ ఇంట్లో ఏదో కుళ్ళింది."

టీనీ కర్ర తిప్పుకుంటూ వెనక్కి వెళ్ళింది గానీ వంటింటి తలుపు మాత్రం మూయలేదు.

గురువారం జరిగింది ఇది. చర్చిలో కొత్త బాణీ నేర్చుకునేటప్పుడు మా వాళ్ళు అసలు కీర్తన మాటలు పాడరు. దేవుడి మాటల్ని ప్రాక్టీసులో అరగదీయకూడదని పట్టింపు. అందుకని ఏవో పిచ్చి మాటలు కట్టి ఆ బాణీలో పాడి, గొంతు కుదిరాక ఆదివారం నాడు అసలు మాటలు ఎత్తుకుంటారు. ఆ పిచ్చి మాటలు ఎవరి గురించైనా కావచ్చు. పాస్టరుగారి బట్టతల గురించి కూడా ఒకసారి కట్టారు, ఆయనే ముందు నిలబడి చేత్తో తాళం వేశాడు.

ఇక బాణీ కట్టినవాడు దానికి ఒక ఊరి పేరో, ఒక చోటి పేరో పెట్టడం ఆనవాయితీ. పుస్తకంలో కీర్తన పైన ఆ పేరే ఉంటుంది. నినియన్ తన బాణీకి 'బల్‌మెర్రీ' అని పెట్టాడు. బల్‌మెర్రీ అంటే కొండ మీద గ్రిజెల్ లమ్స్‌డెన్ ఉండే పొలం ఇల్లు. గ్రిజెల్‌కి పెళ్ళి కాలేదు. నినియన్, గ్రిజెల్ కుర్రతనంలో ఎడిన్‌బరోలో ఒకే గురువు దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఇద్దరికీ పెళ్ళవుతుందని అప్పట్లో ఊరంతా అనుకుంది.

చర్చిలో పాడే క్వయర్‌లో ఉన్న చేపల పని ఆడవాళ్ళకి ఇంకేం కావాలి? గురువారం ప్రాక్టీసులో, ఎఫీ తన వరసలో నిలబడి ఉండగానే, ముప్ఫై గొంతులు కలిపి ఎత్తుకున్నారు:

'గుడ్ల కోసం బల్‌మెర్రీ ఎక్కాడమ్మా విషార్టు,
గంప ఖాళీ, గొంతు నిండా పాట తెచ్చాడమ్మా!'

ఎఫీ పుస్తకం మూసి బయటికి నడిచింది. ఆమె వేసిన తలుపు దెబ్బకి రేవులో తొమ్మిది పడవలు తాళ్ళు తెంపుకున్నాయంటారు. నేను లెక్కపెట్టినవి ఏడే.

"మన పెరట్లో పదకొండు కోళ్ళున్నాయి," అంది ఇప్పుడు ఎఫీ. "గుడ్ల కోసం కొండెక్కడమేంటి?"

"ఎన్నిసార్లు చెప్పాలి? నడకకి వెళ్ళాను. వెళ్ళిన చోట ఊరికే రాలేక గుడ్లు అడిగాను."

"ఎన్నిసార్లు వెళ్ళావు?"

"రెండు మూడు సార్లు."

"ఆరు సార్లు. చెప్పుల బురద కడిగేది నేను. కొండ మట్టి ఎర్రగా ఉంటుంది, రేవు మట్టి నల్లగా ఉంటుంది."

నినియన్ గడియారం వంక చూశాడు. పదకొండు కావడానికి పది నిమిషాలుంది.

"ఎఫీ, నా మాట విను. నాలుగు సింఫనీలు రాశాను. ఏమైంది? మొదటిది గ్లాస్గోలో వాయిస్తుంటే డ్రమ్ములవాడు నిద్రపోయాడు. రెండోదానికి లండన్ పత్రికవాడు ఏం రాశాడో నీకు గుర్తుంది కదా?"

"మధ్యలో విరామం చాలా బాగుందని రాశాడు."

"యాభై ఏళ్ళొచ్చాయి నాకు. కీర్తనల పుస్తకం కమిటీవాళ్ళు నా జన్మలో మొదటిసారి ఔనన్నారు. ఒక్క బాణీ. కానీ ఆ ఒక్కటి ప్రతి చర్చిలో, ప్రతి ఆదివారం, నేను పోయాక కూడా పాడతారు. అది ఆపుతావా నువ్వు?"

"నేనేం ఆపుతున్నాను? పేరు మార్చమంటున్నాను. ప్రతి ఆదివారం అందరూ పుస్తకం తెరుస్తారు. పైన బల్‌మెర్రీ, పక్కన విషార్ట్. ఇద్దరూ ఒక దుప్పట్లో ఉన్నట్టు. నేను ముందు వరసలో నిలబడి నోరు తెరిచి అదే పాడాలి. చచ్చేదాకా. నేను చచ్చాక నా శవపేటిక పక్కన కూడా అదే పాడతారు!"

"పేరులో ఏముంది?"

"ఏమీ లేకపోతే మార్చు! ఏ పేరైనా పెట్టు. సముద్రంలో కాకులు రెట్టవేసే రాయి పేరు పెట్టు, నోరెత్తను."

నినియన్ కిటికీ దాకా నడిచాడు, మళ్ళీ వచ్చాడు.

ఎఫీ గొంతు కొంచెం తగ్గింది. గోడ బీటలోంచి కన్ను తీసి చెవి ఆనించాల్సి వచ్చింది.

"పద్దెనిమిదేళ్ళు, నినియన్. నువ్వు రాసిన ప్రతి కాగితం నేనే శుభ్రంగా ఎత్తి రాశాను. తుఫాను మీద రాశావు. కోట మీద రాశావు. మేయరు గారి కుక్క చచ్చిపోతే దానికి కూడా అంత్యక్రియల సంగీతం రాశావు. అది కూడా నేనే ఎత్తి రాశాను, ఎక్కిళ్ళు వస్తుంటే పక్కకి తిరిగి. నాకు ఒక్కటి రాశావా? నాలుగు గీతల బాణీ? ఎఫీ కోసం అని?"

"రాద్దామనే అనుకున్నాను."

"ఎప్పుడు?"

నినియన్ మళ్ళీ గడియారం వంక చూశాడు.

"కుక్కకి రాశావు కదా," అంది మళ్ళీ.

వంటింట్లో జావ అడుగంటిన వాసన మా ఇంట్లోకి కూడా వచ్చింది. టీనీ దాని సంగతే మర్చిపోయింది.

పై వీధిలో టపా బండి కొమ్ము ఊదారు. అది మొదటిసారి. అక్కడినుంచి మా వీధికి వచ్చేసరికి పావుగంట పడుతుంది.

"సరే," అన్నాడు నినియన్. "కొట్టెయ్."

"ఏంటి?"

"బల్‌మెర్రీ కొట్టేసెయ్. నీకు నచ్చిన పేరు రాసుకో. ఇంక సరేనా? దిగు."

టీనీ గుమ్మంలోకి వచ్చి, "అమ్మయ్య! కొట్టించెయ్. ఇంటి పరువు దక్కింది," అంది.

ఎఫీ దిగింది. కాగితం తీసి బల్ల మీద పరిచింది. సిరాబుడ్డి మూత తీసి, కలం ముంచి, 'బల్‌మెర్రీ' మీద పాళీ ఆనించి, ఎందుకో తలెత్తి మొగుడి మొహం చూసింది.

గెలిచినదాని వంక ఓడినవాడు చూసినట్టు లేదు ఆ చూపు. సలుపుతున్న పన్ను పీకించుకున్నవాడిలా ఉన్నాడు.

పాళీ ఆగిపోయింది.

"ఏమైంది? రాయి," అన్నాడు నినియన్. "బండొస్తోంది."

"పొద్దుట్నుంచీ ససేమిరా అన్నావు. ఇప్పుడు ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నావు?"

"నువ్వే కదా కావాలన్నావు!"

"నాకు కావాలి. నీకెందుకు అంత హాయిగా ఉంది?"

"పిచ్చి ప్రశ్నలు అడక్కు."

ఎఫీ కలం పక్కన పెట్టింది. కాగితం వంకే చూస్తూ మెల్లగా అంది, "దీని చిత్తు ఏది?"

"ఏ చిత్తు?"

"నువ్వు ఒక్క గీత రాయాలంటే నలభై గీతలు కొట్టేస్తావు. ఆ చిత్తు కాగితాలతోనే నేను పద్దెనిమిదేళ్ళుగా పొయ్యి రాజేస్తున్నాను. మూడో సింఫనీ రాసిన ఏడు మనం బొగ్గే కొనలేదు. ఈ బాణీకి ఒక్క చిత్తు కాగితం రాలేదు. కొట్టివేత లేని కాగితం ఒకటి తెచ్చిచ్చి ఎత్తి రాయమన్నావు. నేను అప్పుడే అనుకున్నాను, మా ఆయనకి ఎన్నాళ్ళకి చెయ్యి తిరిగిందా అని."

నినియన్ కూర్చోడానికి కుర్చీ కోసం చూశాడు. కుర్చీ పక్కనే ఉంది, కనపడలేదు.

"ఇది నీది కాదు," అంది ఎఫీ.

టీనీ కర్ర ఎత్తింది. "ఏం కూసావే?"

"ఆగు అక్కా," అన్నాడు నినియన్. కాగితం వంక చూడకుండా చెప్పాడు, "ఆవిడది."

గోడకి ఇటువైపు మా ఆవిడ నా చెయ్యి గిచ్చింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది.

"నిరుడు ఆకురాలే కాలంలో కొండెక్కాను. పాల కొట్టంలో వెన్న చిలుకుతూ పాడుకుంటోంది. గోడ పక్కన నిలబడి విన్నాను. ఇంటికొచ్చి రాసుకున్నాను. అంతే. అందుకే ఆ ఇంటి పేరు పెట్టాను. కనీసం ఆ ఒక్క పేరైనా ఉండాలని... ఆ పేరు చూసినప్పుడల్లా నాకే..." మాట పూర్తి చేయలేదు.

"తర్వాత మళ్ళీ మళ్ళీ ఎందుకు వెళ్ళావు?"

"ఇంకోటి పాడుతుందేమోనని."

టీనీ అందుకుంది. "అయితే ఏమైందంట? పేడ ఎత్తే మనిషి ఏదో కూనిరాగం తీస్తే అది సంగీతమైపోతుందా? కాగితం మీద పెట్టినవాడిదే బాణీ. సంగీతం కోసం లైప్‌జిగ్ దాకా వెళ్ళింది నా తమ్ముడు, అది కాదు!"

"అక్కా, నీకు తెలీదు," అన్నాడు నినియన్. "మా గురువుగారు నేను వారం రోజులు కూర్చుని రాసింది చూసి 'బాగా కష్టపడ్డావోయ్' అనేవాడు. ఆవిడ రాసింది చూసి ఏమీ అనేవాడు కాదు. కాగితం బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడేవాడు. నా రాతకి ఆయన ఒక్కసారి కిటికీ దగ్గరికి వెళ్ళాలని పద్దెనిమిదేళ్ళ వయసు నుంచి రాస్తున్నాను ఎఫీ. ఆయన పోయాడు. నేనింకా రాస్తూనే ఉన్నాను. ఆవిడకేమో అవేమీ అక్కర్లేకపోయింది. కోళ్ళకి గింజలు వేసుకుంటూ కూర్చుంది. కోళ్ళకి!"

ఎఫీ కాగితాన్ని తన వైపు లాక్కుంది.

"నువ్వు ఆవిణ్ణి ప్రేమించినా బాగుండేది," అంది.

బండి రెండో కొమ్ము మా వీధి మలుపులోనే వినపడింది. టపా బండి సాండర్స్ మా ఊరి విషయాలన్నీ మోసేవాడు, ఉత్తరాలు కూడా మోసేవాడు. వాకిట్లో గుర్రాన్ని ఆపి అరిచాడు, "విషార్టు గారూ! పాటా, పంచాయతీనా? ఏదైనా ఎక్కిస్తాను, తొందరగా ఇవ్వండి!"

"రాసెయ్ ఎఫీ," అన్నాడు నినియన్ గబగబా. "బల్‌మెర్రీ కొట్టేసి ఇచ్చెయ్. అప్పుడిక ఎవరికీ ఏమీ తెలీదు. ఆవిడ పేరు ఈ ఇంట్లో మళ్ళీ వినపడదు. నీకు కావాల్సింది అదే కదా? నీకూ అదే కావాలి, నాకూ అదే కావాలి."

ఆ మాటకి ఎఫీ మొహంలో రంగు మారింది. ఇద్దరికీ ఒకటే కావాలనే మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అనగా మేం వినలేదు.

ఎఫీ సిరాబుడ్డికి మూత బిగించింది. కాగితం మడిచింది. కొక్కానికి ఉన్న శాలువా తీసుకుంది.

"ఎక్కడికే?" అంది టీనీ.

"గుడ్లకి," అంది ఎఫీ.

సాండర్స్ ఖాళీ సంచి పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఎఫీ అతని పక్కనుంచి వెళ్ళి, రేవు వైపు కాకుండా కొండ దారి పట్టింది. నినియన్ గుమ్మం దాకా వచ్చాడు, మెట్టు మాత్రం దిగలేదు.

కొండ మీద జరిగింది ఎలా తెలుసని అడుగుతారేమో. బల్‌మెర్రీ పాలేరు మా ఆవిడకి మేనత్త కొడుకు. వాడు అబద్ధం ఆడడు, ఆడేంత తెలివి లేదు. ఆ రోజు కొండ మీద గాలి ఎంత ఉందంటే, గొర్రెలు ఒకదాన్నొకటి కరుచుకుని నిలబడ్డాయట.

ఎఫీ పద్దెనిమిదేళ్ళుగా మనసులో ఒక గ్రిజెల్‌ని పెట్టుకుంది. సన్నటి నడుం, పట్టు గౌను, తెల్లటి వేళ్ళు. తలుపు తీసిన మనిషి మగవాళ్ళ బూట్లు వేసుకుని, మోచేతుల దాకా పిండి పూసుకుని, గుమ్మానికి నిండుగా ఉంది. నెరిసిన జుట్టుని తాడుతో కట్టుకుంది. ఎఫీ ముందు ఆ చేతులు చూసింది. తర్వాత మొహం చూసింది. ఇంత మామూలు మనిషికి ఇంతకాలం భయపడినందుకు ఇంకా కోపం వచ్చిందట.

"నేను విషార్ట్ భార్యని."

"తెలుసమ్మా. లోపలికి రండి, గాలి కొట్టేస్తోంది."

"రాను. ఇక్కడే చెబుతాను."

"ఆ గుడ్ల పాట గురించేనా? మా పాలేరు కూడా పాడుతున్నాడు దొంగసచ్చినోడు. నా తప్పేం లేదు తల్లీ. మీ ఆయన వచ్చి గోడ అవతల నిలబడతాడు. 'ఏం నినియన్' అని పిలిస్తే ఉలిక్కిపడి గుడ్లు అడుగుతాడు. ఇస్తే గంప ఇక్కడే వదిలేసి పోతాడు. ఆరు గంపలు పోగయ్యాయి, తీసుకెళ్ళండి."

ఎఫీ నవ్వలేదు. శాలువా లోంచి కాగితం తీసింది.

"మీ పాట ఒకటి మా ఇంట్లో ఉండిపోయింది. ఇచ్చి పోదామని వచ్చాను."

గ్రిజెల్ పిండి చేతులు పావడాకి తుడుచుకుని కాగితం విప్పింది. పెదవులు కదిలాయి, గొంతు మాత్రం రాలేదు. మొదటి గీత అయింది. రెండోది అయింది. మూడో గీతకి వచ్చేసరికి ఆ పెద్ద మనిషి గుమ్మంలోనే చతికిలబడింది.

"ఇది మీకెక్కడిది?"

"మా ఆయన మీ దగ్గర విన్నాడట. నిరుడు మీరు వెన్న చిలుకుతూ పాడుకుంటుంటే."

"నేనా?" గ్రిజెల్ తలెత్తింది. "వెన్న చిలికేది పనిమనిషమ్మా. నేను పాడి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు."

"మరి ఆయన..."

"ఇది వినడానికి వీల్లేదు. దీన్ని నేను ఎప్పుడూ ఎవరికీ పాడి వినిపించలేదు. ఒక్కసారే కాగితం మీద పెట్టాను. మడిచి, రిబ్బను కట్టి, నా చేత్తో నినియన్ చేతిలో పెట్టాను." ఆమె కాగితం తిప్పి వెనక చూసింది, ఇంకేదో ఉండాలన్నట్టు. "పద్దెనిమిదేళ్ళ కింద. మీ పెళ్ళి ముందురోజు."

ఎఫీ ద్వారబంధం పట్టుకుంది.

"పైన 'పెళ్ళికూతురు ఎఫీకి' అని రాశాను కూడా. కానుకగా ఇంకేమీ ఇచ్చుకోలేక మీ కోసం కట్టాను," అంది గ్రిజెల్. "ఆయన మీకు ఇవ్వలేదా?"